సైలెన్సర్ కంటే ముందు

కొత్త బండి షోరూమ్ గేటు దాటీ దాటకముందే సైలెన్సర్ మార్పించే సరదా మన ఊళ్ల నుంచి డబ్లిన్ దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. మేయర్ స్ట్రీట్‌లోని నేషనల్ కాలేజ్ ఆఫ్ ఐర్లాండ్‌లో ఎంఎస్సీ చదివి, ఆ డాక్‌ల్యాండ్స్‌లోనే ఉద్యోగం తెచ్చుకున్న భీమవరం కుర్రాడొకడు ఈ మధ్య రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కొన్నాడు. చెన్నై పక్కన తయారై ఇంత దూరం వచ్చిన బండి. "అన్నా, సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, ఈసీయూ మ్యాపు మూడూ ఒకేసారి చేయించేస్తే ఓ పనైపోతుంది కదా?" అన్నాడు. ఇప్పుడే వద్దు తమ్ముడూ అన్నాను. మరెప్పుడన్నా అంటే ఒక్క మాటలో తేలేది కాదు.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. మన దేశపు లైసెన్సును ఐర్లాండ్‌లో మార్చుకునే వీల్లేదు. ఇండియాలో పదేళ్లు బండి నడిపినవాడైనా ఇక్కడ థియరీ పరీక్ష, లెర్నర్ పర్మిట్, 2010 డిసెంబరు నుంచి తప్పనిసరి చేసిన 16 గంటల ప్రాథమిక శిక్షణ దాటుకుని రావాల్సిందే. 24 ఏళ్లు నిండనివాళ్లకు ఏ2 తరగతి దగ్గరే ఆపుతారు. ఇంజన్ శక్తి 35 కిలోవాట్లు మించకూడదు, బరువులో కిలోకు 0.2 కిలోవాట్ దాటకూడదు. ఇంటర్‌సెప్టర్‌ది 47 హార్స్‌పవర్. అంటే ఆ గీతకు వెంట్రుకవాసి కిందే ఉంది. ఇంకా ఏ2లోనే ఉన్న మా కుర్రాడు తాను అడిగిన మూడు మార్పులూ చేసి రెండు మూడు హార్స్‌పవర్ పెంచాడనుకోండి, బండి అతని లైసెన్సు పరిధి దాటిపోతుంది. చేసిన ప్రతి మార్పునూ ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున ఆ పాలసీ కాగితం అక్కరకు రాకపోవచ్చు. మన దగ్గర మాత్రం తక్కువా? కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. ఊడబీకిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు మన పేపర్లలో అందరూ చూసినవే.

కానీ నేను వద్దన్నది చట్టానికి భయపడి కాదు.

కొత్త ఇంజన్‌లో సిలిండర్ గోడలమీద ఒకదాన్నొకటి ఖండించే సన్నటి గీతలు చెక్కి ఉంటాయి. పిస్టన్ రింగులు ఆ గీతల మీద ఒరుసుకుంటూ గోడ ఒంపుకు తాము అమరుతాయి. పేలుడు ఒత్తిడే రింగును గోడకు అదుముతుంది. అందుకని మరీ మెల్లగా, ఒకే వేగంలో గంటలకొద్దీ నడిపినా మంచిది కాదు, గుంజేసినా మంచిది కాదు. వేగం మారుస్తూ, గేర్లు మారుస్తూ, కొంచెం బరువు పెడుతూ, వదులుతూ నడపాలి. 500 కిలోమీటర్ల దగ్గర మొదటి సర్వీసులో ఆయిలు తీసి చూస్తే అందులో మెరిసే లోహపు నలుసులు ఈ పనికి సాక్ష్యం. అక్కడితోనూ అయిపోదు. ఆ తర్వాత కూడా చాలా దూరం ఇంజన్ తేలికపడుతూనే ఉంటుంది. మన మెకానిక్కులు "ఇంజన్ ఫ్రీ అవ్వాలి" అనేది దీన్నే. బ్రేకు ప్యాడ్లూ డిస్కులూ ఒకదానికొకటి అమరాలి, కొత్త టైరు మీది నునుపు అరగాలి, చైను సాగి కుదురుకోవాలి. బండి తానే రోజుకోరకంగా మారుతున్న ఆ వారాల్లో మనం ఇంకేదైనా మారిస్తే, వచ్చిన తేడా దేనిదని చెప్పగలం?

మూడూ ఒకేసారి అన్నాడే, ఆ మాటలో న్యాయం ఉంది. గాలి ఎక్కువ వచ్చేలా ఫిల్టరు, పొగ సులువుగా పోయేలా పైపు పెట్టి, పెట్రోలు కొలత మాత్రం పాతదే ఉంచితే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. నింపాదిగా నడిపేటప్పుడు పొగ గొట్టంలోని సెన్సర్ ఆ లోటును కొంత సరిదిద్దుతుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం పెట్రోలు కొలత చూసే ఈసీయూ తనలో రాసి ఉన్న పట్టికనే, అంటే మ్యాపునే, నమ్ముకుంటుంది. కాబట్టి ఆ మూడూ కలిపి ఒకే పని. కుర్రాడు పని తెలిసినవాడే. తొందరపడింది సమయం దగ్గర.

డాక్‌ల్యాండ్స్‌లో బండిని వెనక్కి లాగేది ఏమిటో ఒకసారి చూద్దాం. 1796లో తెరిచిన గ్రాండ్ కెనాల్ డాక్ చుట్టూ, లిఫీ గట్టు మీదా చెక్కిన రాళ్లు పరిచిన పాత వీధులు ఇంకా మిగిలే ఉన్నాయి. చినుకు పడితే అవి జారతాయి. 2009 డిసెంబరులో ద పాయింట్ దాకా పొడిగించిన లూవాస్ ట్రామ్ పట్టాలు మేయర్ స్ట్రీట్ పొడవునా ఉన్నాయి. తడిసిన ఇనుప పట్టాను వాలుగా దాటితే ముందు చక్రం పక్కకు తప్పుకుంటుంది, వీలైనంత అడ్డంగా, బండి నిటారుగా ఉంచి దాటాలి. శామ్యూల్ బెకెట్ వంతెన మీదికి ఎక్కగానే సముద్రపు గాలి పక్కనుంచి కొడుతుంది. నవంబరులో సాయంత్రం నాలుగున్నర దాటితే చీకటి. ఈ దారుల్లో 47 హార్స్‌పవర్ చాలలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఇక్కడ తక్కువయ్యేది రోడ్డు మీద పట్టు, వేళ్లలో చురుకు.

అందుకే వేడెక్కే గ్రిప్పులను నేను నిస్సంకోచంగా పెర్ఫార్మెన్స్ కిందే లెక్కేస్తాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. చలికి కొయ్యబారిన వేళ్లు బ్రేకు లీవరు మీద అర సెకను ఆలస్యం చేస్తే ఏడు మీటర్లు ఎగిరిపోయినట్టే. ఏడు మీటర్లు తగ్గించే సైలెన్సర్ ఎక్కడా దొరకదు. వీటికి ఇంజన్ కుదురుకునేదాకా ఆగనక్కర్లేదు, మొదటి చలికాలానికి ముందే పెట్టించుకోవచ్చు. తుప్పు రాకుండా ఏసీఎఫ్-50 కూడా అప్పుడే కొట్టాలి. రోడ్ల మీద చల్లే ఉప్పు, రేవు గాలిలోని ఉప్పు రెండూ కలిసి చైనునూ నట్లనూ తినేస్తాయి. బండ్లకు ఐర్లాండ్‌లో కార్లకున్నట్టు ఎన్‌సీటీ తనిఖీ లేదు. ఆ కన్ను యజమానిదే కావాలి.

తర్వాత సస్పెన్షన్. ఇక్కడ చాలామంది మొదటే కొత్త షాకర్లు కొనేస్తారు. ఉన్నవాటిని సరిచేసి చూశారా అంటే లేదు. బండి మీద మీరు కూర్చున్నప్పుడు వెనక షాకరు తన మొత్తం కదలికలో ఇంచుమించు మూడో వంతు కిందికి దిగాలి. ఒక మనిషి, ఓ టేపు, ఓ పానా ఉంటే అరగంటలో అయ్యే పని ఇది, పైసా ఖర్చు లేదు. టైరు గాలి కూడా అంతే. ఇవన్నీ సరిచేశాక కూడా రాళ్ల వీధిలో ముందు ఫోర్కు ఎగిరి పడుతుంటే, అప్పుడు స్ప్రింగులూ ఫోర్కు ఆయిలూ మార్చడం డబ్బు పెట్టదగ్గ పని. కంపెనీ టైర్లు అరిగేదాకా నడిపి, వాన రోడ్డుకు తగ్గవి వేయించుకోవడం అంతకంటే మంచి పని.

ఇదంతా తేలేది నగరంలో కాదు. ఆదివారం పొద్దున్నే రాత్‌ఫార్నం మీదుగా విక్లో కొండలెక్కి శాలీ గ్యాప్ దాకా పోవాలి. 1798 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం సైన్యం కోసం 1800 నుంచి 1809 దాకా వేయించిన మిలిటరీ రోడ్డు అది. మలుపు వెనక గొర్రెలుంటాయి, ఇసుక ఉంటుంది. అక్కడ ఒకే మలుపులో బండి ప్రతిసారీ ఒకే తీరున ఇబ్బంది పెడితే, ఆ ఇబ్బందికి మీరు పేరు పెట్టగలిగితే, మార్పుకు వేళయినట్టు. "ఎందుకో బాలేదు" అన్నంతకాలం పర్సు తీయొద్దు. మాన్ ద్వీపం టీటీ బండ్ల పందేల్లో 26 సార్లు గెలిచిన ఉత్తర ఐర్లాండ్ వీరుడు జోయీ డన్లప్ తన బండ్ల మీద తనే చేయి పెట్టేవాడు. ఆయనకు ఏది లోపమో చెప్పడానికి స్టాప్‌వాచ్ ఉండేది. మనకు అది లేదు, ఉండకూడదు కూడా. మనకున్నది తెలిసిన ఒక దారి, దాన్ని అన్ని వాతావరణాల్లో నడిపిన అనుభవం. ఒక ఏడాది అన్ని రుతువులూ తిరిగొచ్చాక వచ్చే ఫిర్యాదు మీద నాకు గురి.

ఇక పవర్. ఏ2 మీద రెండేళ్లయ్యాక పూర్తి ఏ తరగతికి దారి తెరుచుకుంటుంది. అప్పటికీ శక్తి చాలదనిపిస్తే పైపూ ఫిల్టరూ మ్యాపూ కలిపి చేయించడానికి చట్టం అడ్డు కొంత తగ్గుతుంది. ఇన్సూరెన్స్‌కు చెప్పడం, శబ్దం హద్దులో ఉండడం మాత్రం అప్పుడూ తప్పవు. గ్రాండ్ కెనాల్ డాక్ అద్దాల గోడల మధ్య సైలెన్సర్ మోత ఎంతమంది నిద్ర చెడగొడుతుందో ఆ అపార్ట్‌మెంట్లలో ఉన్న మన పసిపిల్లల తల్లులను అడగండి. అయినా అంత ఖర్చుకు వచ్చే లాభం ఆ కొద్ది హార్స్‌పవరే. నిజంగా ఎక్కువ శక్తి కావాలనుకునేవాడు ఆ డబ్బు దాచి, కంపెనీ బిగించిన సైలెన్సర్‌తోనే ఉన్న ఇంటర్‌సెప్టర్‌ను అమ్మి, పెద్ద ఇంజన్ బండి కొనుక్కోవడం మంచిది. చేయి పెట్టని బండికి కొనేవాడు కూడా త్వరగా దొరుకుతాడు.