గైడులో లేని జవాబు

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచారంటే పదో తరగతి గది తీరే మారిపోతుంది. బడి మొదలవకముందే పొద్దున స్పెషల్ క్లాసు, బడి విడిచాక సాయంత్రం ఇంకొకటి. రోజూ ఏదో ఒక సబ్జెక్టులో స్లిప్ టెస్టు. ఆ వెనకే ప్రీఫైనల్ పరీక్షలు. మార్చిలో అసలు పరీక్షలు మొదలైతే ముందు తెలుగు, తర్వాత హిందీ, మూడోది ఇంగ్లీషు. మన బడుల లెక్కలో దాని హోదా కూడా తృతీయ భాషే. తల్లిదండ్రుల గుండెల్లో మాత్రం అదే మొదటిది. నెలాఖరు సమావేశానికి వచ్చిన తండ్రులు లెక్కల గురించి, సైన్సు గురించి ఒక్క మాట అడిగి, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. "మాకైతే ఏం తెల్వదు సారూ, మీరే జర చూడాలె" అంటారు. ఆ మాటలోని భయం తిన్నగా పిల్లల్లోకి దిగుతుంది. భయపడ్డ పిల్లలు గైడును పట్టుకుంటారు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కాబట్టి ఆ గైడుల సంగతి నాకు బాగా తెలుసు. ఈ నెలల్లో ఏ పిల్లవాడి సంచి తెరిచినా పాఠ్యపుస్తకం కొత్తగా మెరుస్తూ ఉంటుంది, గైడుకు మాత్రం అట్ట ఊడిపోయి ఉంటుంది. స్టడీ అవర్లో గది బయట నిలబడి వింటే ఒకే పేరా పదిమంది గొంతుల్లో పది వేగాలతో వినిపిస్తుంది. కలెక్టరుకు లేఖ, ఒక మహానుభావుడి జీవితచిత్రం, పర్యావరణం మీద ఉపన్యాసం, అన్నీ కంఠతా. మధ్యలో ఒక్క మాట జారితే మళ్ళీ మొదటికి వెళ్తారు. ఎందుకంటే ఆ మాటకు ముందూ వెనకా ఏముందో అర్థంతో తెలియదు, వరసతో మాత్రమే తెలుసు. పైథాగరస్ సిద్ధాంతాన్ని అట్లా నేర్చుకున్నా ఏదో కొంత మిగులుతుంది. భాషను అట్లా నేర్చుకుంటే పరీక్ష రోజు మధ్యాహ్నానికి ఏమీ మిగలదు.

అసలు పేపరు ఏం అడుగుతుందో చూడండి. తెలంగాణలో రాతపరీక్షకు 80 మార్కులు, బడిలో వేసే ఇంటర్నల్ మార్కులు 20. ఆ 80లో 28 వస్తే పాస్. పాఠం నుంచి తీసిన పేరా ఒకటి చదివి జవాబులు రాయాలి, ఎన్నడూ చూడని పేరా ఇంకొకటి చదివి రాయాలి. వ్యాకరణం, పదాలు ఉంటాయి. మిగిలిందంతా రాత. ఒక సంభాషణ, ఒక డైరీ పేజీ, లేఖ, కథ, వార్త, ఉపన్యాసం, ఇట్లా ఏదో ఒకటి ఇచ్చి సొంతంగా రాయమంటారు. పాఠం సారాంశం రాయండి అన్న పాతకాలపు ప్రశ్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి ప్రశ్న, కథలోని సంఘటన జరిగిన రాత్రి కొడుకు డైరీలో ఏం రాసుకుని ఉంటాడు అని అడుగుతుంది. తండ్రీ కొడుకులిద్దరూ తర్వాత ఏం మాట్లాడుకుని ఉంటారు అని అడుగుతుంది. గైడు ఈ ప్రశ్నకు ఒక జవాబు ఇస్తుంది, నిజమే. కానీ ప్రశ్న కాస్త పక్కకు జరిగితే, కొడుకు డైరీకి బదులు తండ్రి మాటలు అడిగితే, కంఠతా పట్టిన పిల్లవాడి చేతిలో ఏమీ ఉండదు.

మా పుస్తకంలో 'ది జర్నీ' అని ఒక కథ ఉంది. రాసినవారు అరుణాచల్ ప్రదేశ్ రచయిత యేషే దోర్జీ థోంగ్చీ. కొండదారి. కొడుకు ట్రంకు పెట్టెను తండ్రి మోసుకుంటూ నడుస్తాడు. చదువుకున్న కొడుకుకు బరువు మోయడం నామోషీ. కథంతా ఆ పెట్టె చుట్టూ, ఆ నామోషీ చుట్టూ తిరుగుతుంది. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను పుస్తకం మూసేసి, హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లల్ని లేపి ఒకటే అడుగుతాను. జూన్‌లో మీ పెట్టె ఎవరు తెచ్చారు? అంతే. "మా నాయిన బస్సు మీదికెక్కించిండు సారూ", "బస్టాండు కాడి నుంచి మా అమ్మ నెత్తి మీద పెట్టుకున్నది", "నేను బువ్వ డబ్బా పట్టుకుని ఎనుక నడిచిన." ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ఈ ప్రశ్నకు మాట్లాడతారు. అరుణాచల్ కథకూ మా బడికీ మధ్య ఉన్న దూరమంతా ఆ కాసేపట్లో పోతుంది.

తర్వాత పని మొదలవుతుంది. ఆ చెప్పినదాంట్లో నుంచి చిన్న చిన్న వాక్యాలు తీస్తాం. నాన్న పెట్టె మోశాడు. నేను వెనక నడిచాను. ఎండగా ఉంది. నాన్నకు చెమట పట్టింది. నేను ఇవ్వమని అడగలేదు. ఒక్కొక్కటీ ఇంగ్లీషులో ఎట్లా అంటామో వాళ్ళే వెతుకుతారు. తెలియని పదం నేనిస్తాను, వాక్యం మాత్రం ఇవ్వను. అయిదారు వాక్యాలు బోర్డు మీదికి రాగానే, ఇప్పుడు ఆ కొండదారిలో కొడుకు మీరే, ఈ రాత్రి డైరీ రాయండి అంటాను. తప్పులుంటాయి, చాలా ఉంటాయి. కానీ గదిలో ఎంతమంది ఉంటే అన్ని డైరీలు వస్తాయి, ఏ రెండూ ఒకలాగ ఉండవు. పరీక్షకు తయారీ అంటే నా దృష్టిలో ఇదే. రోజూ కొన్ని సొంత వాక్యాలు రాయాలి, రాసినవి పైకి చదవాలి, మర్నాడు వాటినే దిద్దుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒక్క పని తప్పకుండా చేసిన పిల్లలకు పేపరులో ఏ ప్రశ్న వచ్చినా రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది.

సంభాషణ ప్రశ్నకు కూడా దారి ఇదే. అదే పుస్తకంలో స్టాన్లీ హౌటన్ నాటిక 'ది డియర్ డిపార్టెడ్' ఉంది. తాత చనిపోయాడనుకుని, ఆయన కూతుళ్ళలో ఒకామె, రెండో ఆమె వచ్చేలోపు, ఆయన గడియారాన్నీ బీరువాలాంటి బల్లనూ కింది గదిలోకి తెచ్చేసుకుంటుంది. మనవరాలు విక్టోరియా మేడ మీదికి వెళ్ళి చూస్తే తాత కదులుతున్నాడు. కాసేపటికి తాతే మెట్లు దిగి వస్తాడు. ఆస్తి పంపకాలు చూసిన పిల్లలకు ఈ నాటిక ఒక్కసారి చెప్తే చాలు, వెంటనే పట్టుకుంటారు. విక్టోరియాకూ తాతకూ మధ్య సంభాషణ రాయమంటే గైడు పిల్లలు మాత్రం "హలో, హౌ ఆర్ యూ", "ఐయామ్ ఫైన్, థ్యాంక్యూ" అని మొదలుపెడతారు. గైడులో ప్రతి సంభాషణా అట్లాగే మొదలవుతుంది మరి. ఇల్లంతా తను పోయాడని అనుకుంటుండగా లేచి వచ్చిన తాతను ఏ మనవరాలు అట్లా పలకరిస్తుంది? మీ ఇంట్లో తాత లేచి వస్తే నువ్వు ఏమంటావు అని అడగండి. "అయ్యో తాతా, నువ్వు బతికే ఉన్నవా!" అంటుంది పిల్ల. ఆ ఒక్క మాట ఇంగ్లీషులోకి వస్తే ఆ సంభాషణకు ప్రాణం వస్తుంది.

పక్క రాష్ట్రంలో పుస్తకం మారింది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ 'ఫస్ట్ ఫ్లైట్' వచ్చింది. మొదటి పాఠంలో లెంచో అనే రైతు పంట వడగళ్ళకు పోతుంది. దేవుడికి వంద పెసోలు పంపమని ఉత్తరం రాస్తాడు. తపాలా కార్యాలయం వాళ్ళు చందాలేసుకుని డెబ్భై పంపితే, మిగతా డబ్బు ఆ కార్యాలయం వాళ్ళే తినేశారని దేవుడికి మళ్ళీ ఉత్తరం రాస్తాడు. మెక్సికో కథ అది. వడగళ్ళ వాన తర్వాత మామిడితోటలో నిలబడ్డ తండ్రి ముఖం చూసిన పిల్లవాడికి ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది? ఆ పిల్లవాడి చేత గైడులోని లేఖ కంఠతా పట్టించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యాకరణం మాటేమిటంటారా? తప్పులు దిద్దే ప్రశ్న చూసి పిల్లలు బెదురుతారు. నేను వాళ్ళ డైరీల్లోని తప్పులే బోర్డు మీద రాస్తాను, పేర్లు చెప్పకుండా. ఆ తప్పులు ఊరికే రావు. "ఆయన మా నాన్న" అనడానికి మనకు క్రియ అక్కర్లేదు, అందుకే పిల్లలు "హి మై ఫాదర్" అని రాస్తారు. మనం పేరు వెనక చేర్చే "లో", "కి", "నుంచి" వంటివి ఇంగ్లీషులో పేరు ముందుకు వెళ్ళాలి. ఎవరైనా అన్న మాటను మనం చెప్పేటప్పుడు "రేపు వస్తానన్నాడు" అంటాం, వచ్చేవాడు తనే అయినా "వస్తాను" అన్న రూపం అట్లాగే ఉండిపోతుంది. ఇంగ్లీషులో అక్కడ "ఐ" పోయి "హి" రావాలి. మన వాక్యం ఎట్లా నడుస్తుందో, వాళ్ళ వాక్యం ఎట్లా నడుస్తుందో పక్కపక్కన పెట్టి చూపిస్తే, సూత్రాల పట్టికతో నెలరోజులు కుస్తీ పట్టిన పిల్లకు ఒక్క పీరియడులో దారి దొరుకుతుంది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినిపించకూడదనే వారితో నాకు అందుకే కుదరదు.

ఈ గొడవ మనకు కొత్తది కూడా కాదు. నూరేళ్ళ కిందట ఇదే తగాదా తెలుగు విషయంలోనే నడిచింది. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పరీక్షలో వ్యాసం రాయవలసిన తెలుగు ఇంకొకటి. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర ఈ తేడా ఏమిటని అడిగాడు, ఆ ప్రశ్న గిడుగు రామమూర్తిని కదిలించింది. విద్యార్థుల వ్యాసరచన ఏ తెలుగులో ఉండాలన్న వాదం మద్రాసు విశ్వవిద్యాలయం దాకా వెళ్ళినప్పుడు, గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించాడు. ఆ మరుసటి ఏడే కన్నుమూశాడు. వ్యావహారిక భాషోద్యమం అంటే సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయమని మనం చదువుకుంటాం. దాని నడిబొడ్డున ఉన్నది పరీక్ష రాసే పిల్లవాడు. తనది కాని వాక్యంతో వాడు తన ఆలోచన చెప్పలేడని వాళ్ళు పట్టుబట్టారు. తెలుగులో ఆ హక్కు సంపాదించుకున్నాం. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ గైడు రాసిన గ్రాంథికానికే పిల్లల్ని అప్పగిస్తున్నాం.

పేపర్లు దిద్దే చోట ఇది కళ్ళకు కడుతుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక కట్ట విప్పితే వరసగా అదే పేరా, అవే విశేషణాలు, ఒకరు తప్పు రాసిన చోటే అందరూ తప్పు. పదో పేపరు దగ్గరికి వచ్చేసరికి కన్ను చదవడం మానేస్తుంది. మధ్యలో ఒకటి తగులుతుంది. వాక్యాలు పొట్టివి, స్పెల్లింగులు ఎగుడుదిగుడు, కానీ నాన్న చెమట గురించి, తను అడగలేదని పడ్డ సిగ్గు గురించి ఒక పిల్లో పిల్లవాడో తన మాటలో రాసి ఉంటారు. దిద్దేవాళ్ళు అక్కడ తప్పకుండా ఆగుతారు. ఆలోచనకు మార్కులున్నాయి, రూపానికి ఉన్నాయి, భాషకూ ఉన్నాయి. భాషలో పోయినవి పోగా ఆలోచనలో అంతకు మించి వస్తాయి.

మార్కులు తక్కువ వచ్చే పిల్లల గురించి ఒక్క మాట చెప్పాలి. పాస్ కావడమే గగనమనుకునేవాళ్ళకు బట్టీ తప్ప దారి లేదని చాలామంది తోటి ఉపాధ్యాయులు అంటారు. ఏదో ఒకటి రాయండి, ఖాళీ వదలొద్దు అని చెప్పి పంపుతారు. ఆ పిల్లలు హాలులో ప్రశ్ననే జవాబుగా దించి వస్తారు. వాళ్ళకు ఒక పేరా కంఠతా పట్టించడానికి పట్టే వారంలో, పేరా చదివి జవాబు ఎక్కడుందో వేలుపెట్టి చూపడం నేర్పవచ్చు. "హూ" అంటే మనిషిని వెతుకు, "వేర్" అంటే చోటు వెతుకు, "వెన్" అంటే కాలం వెతుకు. చూడని పేరా అయినా సరే, జవాబులు చాలావరకు ఆ పేరాలోనే ఉంటాయి. దాంతో పాటు తన గురించి, ఇంటి గురించి, ఊరి గురించి చిన్న వాక్యాలు రాయడం వస్తే 28 దాటడానికి ఆ పిల్లకు ఎవరి దయా అక్కర్లేదు. చివరి బెంచీ పిల్లలు ఇట్లా గట్టెక్కడం నేను చూశాను, చూస్తూనే ఉన్నాను.

తల్లిదండ్రులకు కూడా ఒక పని ఉంది. మాకేం తెల్వదు అనకండి. ఈ రెండు నెలలూ రాత్రి అన్నాల దగ్గర, ఇవ్వాళ ఇంగ్లీషులో ఏం కథ చెప్పిండ్రు బిడ్డా అని అడగండి. తెలుగులోనే చెప్పనివ్వండి. తాత ఎందుకు కోపం చేసిండు, రైతు ఉత్తరంలో ఏం రాసిండు, ఆ తర్వాత ఏమైంది అని మధ్యమధ్య అడ్డం పడి అడుగుతూ ఉండండి. కథ పూర్తిగా చెప్పగలిగిన పిల్లను మర్నాడు పొద్దున్నే మా స్పెషల్ క్లాసుకు పంపండి. ఇంగ్లీషులోకి తెచ్చే పని అక్కడ మేమూ తనూ కలిసి చేసుకుంటాం.