మీసాలున్న అమ్మ

పోయిన వేసవిలో మా మేనకోడలు వచ్చి నాలుగు రోజులుంది. మూడోరోజు బీరకాయలకి చెక్కు తీస్తూ తీస్తూ, కూరలో ఉప్పెంత వెయ్యమంటావన్నంత మామూలుగా, "అత్తయ్యా, పిల్లని ఇంక బడికి పంపదల్చుకోలేదు" అంది.

పిల్లకి ఏడేళ్ళు. ఆ సమయానికి పెరట్లో చీమలబారు వెంట మోకాళ్ళమీద పాకుతోంది.

"పంపక ఏం చేస్తావే?"

"ఇంట్లోనే చెప్పుకుంటాను. రెండో క్లాసుకే ర్యాంకులు, అత్తయ్యా! రోజూ పొద్దున్నే దానికి కడుపునొప్పి. ఆదివారం మాత్రం రాదు. నువ్వలా చూడకు. ముందు ఇవి చదువు, తర్వాత తిడుదువుగాని" అని సంచీలోంచి రెండు పుస్తకాలు తీసి నా ఒళ్ళో పెట్టింది.

ఒకటి జాన్ హోల్ట్ అనే అమెరికన్ మాస్టారు 1981లో రాసిన 'టీచ్ యువర్ ఓన్'. మీ పిల్లలకి మీరే చెప్పుకోండి అని దాని సారాంశం. రెండోది మనలో చాలామందికి తెలిసిందే, జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి రాసిన 'తొత్తోచాన్'. అదీ 1981లోనే వచ్చింది. తెలుగులో 'రైలుబడి' అన్న చక్కని పేరుతో దొరుకుతుంది.

నేను విద్యావేత్తని కాను. బి.ఏ. చదివాను, బి.ఇడి. చదవలేదు. నవలలు రాసుకునేదాన్ని కాబట్టి ఏ పుస్తకాన్నయినా నవలలాగే చదువుతాను. అంటే, కథలో ఉన్నవాళ్ళని చూసి ఊరుకోను. ఉండాల్సినచోట లేనివాళ్ళెవరా అని వెతుకుతాను. వీటినీ అలాగే చదివాను.

ముందు హోల్ట్ సంగతి. ఆయనమీద కోపం లేదు సరికదా, చదువుతున్నంతసేపూ తలూపుతూనే ఉన్నాను. అయిదో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతూ, వాళ్ళని దగ్గరగా గమనించి ఆయన 1964లో 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' అనే పుస్తకం రాశాడు. లెక్క ఎలా చెయ్యాలా అని పిల్లలు ఆలోచించరుట. మాస్టారికి కావలసిన జవాబేమిటా అని ఆయన మొహంకేసి చూస్తారుట. భయమే పిల్లల్ని మొద్దులుగా చేస్తుందంటాడు. నిజం చెప్పొద్దూ, ఎక్కాలు ఒప్పజెప్పేటప్పుడు నేనూ టీచరుగారి కనుబొమలనే చూసేదాన్ని. కనుబొమ లేస్తే అంకె మార్చేసేదాన్ని. మీరు మాత్రం చూడలేదూ?

బడుల్ని బాగుచెయ్యొచ్చని హోల్ట్ చాలాకాలం నమ్మాడు. ఆ నమ్మకం పోయాక, 1977లో 'గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్' అని ఒక పత్రిక పెట్టాడు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే పెంచుకుంటున్న తల్లిదండ్రుల ఉత్తరాలు అందులో వేసేవాడు. 'టీచ్ యువర్ ఓన్'లోనూ అలాంటి ఉత్తరాలు బోలెడు. ఇంటిని ఇంకో బడిగా మార్చి, పిల్లని బల్లముందు కూర్చోబెట్టమని కాదు ఆయన చెప్పేది. బతుకులోంచే చదువు వస్తుందంటాడు. ఆ ఉత్తరాలు చదువుతుంటే ఏ తల్లికైనా ఆశ పుడుతుంది. మా మేనకోడలికి పుట్టడంలో వింతేం లేదు.

నా నవలబుద్ధి అడ్డం తిరిగింది ఇక్కడే. పిల్ల ఒక పూటంతా చీమల్ని చూసిందనుకోండి, ఆ పూట పక్కన ఎవరున్నారు? చీమలు గుడ్లని ఎక్కడికి మోస్తున్నాయని పిల్ల అడిగితే జవాబు చెప్పిందెవరు? ఆవిడ ఉద్యోగం ఏమయింది? పొయ్యిమీద పప్పు ఏమయింది? ఇలాంటి ప్రశ్నలు హోల్టుకి తట్టకపోలేదు. జవాబులూ ఇస్తాడు. కాని అవి 'సర్దుకోవచ్చులెండి' అనే ధోరణిలో ఉన్నాయనిపించింది నాకు. సర్దుకోవచ్చు అని ఇంట్లో ఎవరైనా అన్నారంటే, సర్దుకోవలసింది ఎవరో మనకి తెలుసు కదా! ఆయన పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. అది తప్పని కాదు. ఆ పుస్తకంలో పిల్లల వేళ్ళు కనిపించినంత స్పష్టంగా తల్లి నడుంనొప్పి కనిపించదు, అంతే.

ఇక తొత్తోచాన్. అల్లరి భరించలేక ఒకటో తరగతిలోనే బడినుంచి పంపించేసిన పిల్ల. పాత రైలుపెట్టెల్లో నడిచే తొమోయే అనే బడిలో చేరుతుంది. మొదటిరోజే హెడ్మాస్టరు కొబయాషీగారు కుర్చీ దగ్గరకి లాక్కుని, నీకు చెప్పాలనిపించిందల్లా చెప్పమంటాడు. నాలుగు గంటలసేపు వింటాడు. నాలుగు గంటలు! మన పిల్లల మాట నాలుగు నిమిషాలు ఆపకుండా విన్న రోజు గుర్తుందా మీకు? నాకు లేదు.

అందరూ కొబయాషీగారినే మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కాని ఈసారి నేను వెతికింది ఆ పిల్ల తల్లిని. ఆమె కథలో ఉంది గాని, గొంతు పెంచకుండా ఉంది. పిల్లని బడినుంచి తీసేశారన్న సంగతి ఆమె పిల్లకి చెప్పలేదు. కొత్త బడికి వెళ్దామా అని మాత్రం అడిగింది. అసలు విషయం కూతురికి ఇరవయ్యేళ్ళు దాటాకగాని చెప్పలేదట. బడి తప్పించిందని పిల్లని తిట్టకుండా, ఆ అవమానం తన దగ్గరే దాచుకుని అన్నేళ్ళు మోసింది. పుస్తకం మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించింది అదే. ఆ తల్లి పిల్లని ఇంట్లో పెట్టుకోలేదన్నది కూడా గమనించాలి. ఇంకో మంచి బడి వెతికింది.

వెతకగలిగింది కూడా. తండ్రి పేరున్న వయొలిన్ విద్వాంసుడు. తొమోయే ప్రైవేటు బడి, మొత్తం పిల్లలు యాభైమంది దాకా. 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. రైలుబడి మీద మనకున్న ప్రేమలో, అది అందరికీ అందే బడి కాదన్న సంగతి మరుగునపడిపోతుంది.

అసలు ఇంట్లో చదువంటే ఏదో కొత్త ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడుకుంటున్నాం గాని, ఆడవాళ్ళకి అది ముత్తవ్వల నాటి సంగతి. సావిత్రీబాయి ఫూలేకి ఇంట్లో భర్త జ్యోతీరావే చదువు చెప్పాడు. మన బండారు అచ్చమాంబగారు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే ఆయనతోపాటే నేర్చుకుని, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసేంత పండితురాలయ్యారు. వాళ్ళకి ఇల్లే బడి. కాని అది ఇష్టపడి ఎంచుకున్నది కాదు, వేరే దిక్కులేక వచ్చింది. ఇంట్లో చదువుకున్న సావిత్రీబాయి 1848లో పుణేలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పడానికి గడపదాటింది. అచ్చమాంబగారు పుట్టిన 1874లోనే వీరేశలింగంగారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచారు. బడి అంటే మనకి నాలుగు గోడలు మాత్రమే కాదు, ఇంట్లోంచి బయటికి తెరుచుకున్న తలుపు. దాన్ని మూసే ముందు ఆడవాళ్ళం రెండుసార్లు ఆలోచించాలి.

ఇల్లే బడి అయితే ఎలా ఉంటుందో మనందరికీ ఒకసారి అనుభవమయింది కూడా. 2020 మార్చిలో కరోనావల్ల బడులు మూశారు. మా మేనకోడలి ఇంట్లో మనిషికో కంప్యూటరు. మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఇంటికంతటికీ ఒకే ఫోను. అది ఆటోతోపాటు భర్త జేబులో ఊరు తిరిగేది. రాత్రి ఆయన వచ్చేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్ళు.

ప్రథమ్ సంస్థ పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు చూసే 'అసర్' సర్వే ఒకటుంది. రెండో తరగతి పాఠం చదవగలిగిన అయిదో తరగతి పిల్లలు 2018లో నూటికి 50 మంది దాకా ఉంటే, బడులు మూసి తెరిచాక 2022లో 43 మందికి పడిపోయారు. ఇల్లు అందరికీ బడి కాలేదని ఈ అంకె చెబుతోంది. కాని మొదటి అంకె సంగతేమిటి? బడులు నిక్షేపంగా నడుస్తున్న రోజుల్లో కూడా అయిదేళ్ళు చదివిన పిల్లల్లో సగంమందికి చదవడం రాలేదు. అంచేత మా మేనకోడలి ఫిర్యాదుని కొట్టిపారెయ్యడానికి లేదు. బడిమీద ఆమె కోపం న్యాయమైనదే. మందే పనిచేసేది కాదు.

అప్పుడు నా బీరువాలోంచి మూడో పుస్తకం తీశాను. గుజరాతీలో గిజుభాయి బధేకా రాసిన 'దివాస్వప్న', తెలుగులో 'పగటి కల'. 1930ల నాటి చిన్న పుస్తకం. లక్ష్మీరామ్ అనే ఆయన విద్యాధికారి దగ్గరకెళ్ళి, ఒక్క ఏడాది నాలుగో తరగతి నాకప్పగించండి అని అడుగుతాడు. ప్రత్యేకమైన బడి కాదు, ఏరికోరి తెచ్చిన పిల్లలు కారు. మామూలు బడి, మామూలు అల్లరి.

ఈ పుస్తకంలో నాకు నచ్చింది ఏమిటంటే, మొదటిరోజే ఆయన ప్రయోగం తలకిందులవుతుంది. పిల్లలచేత మౌనం ఆట ఆడిద్దామనుకుంటాడు. వాళ్ళు గోలగోల చేస్తారు. తోటి మాస్టర్లు నవ్వుకుంటారు. తాను అనుకున్న పాఠం పిల్లలకి అక్కర్లేదని ఆయనకి అర్థమై, కథలు మొదలుపెడతాడు. కథలకోసం పిల్లలు చెవులప్పగిస్తారు. కథలనుంచి పుస్తకాలకి, పుస్తకాలనుంచి నాటకాలకి, ఆటలకి. పాఠ్యపుస్తకాలకని తెచ్చిన డబ్బుతో తరగతిలోనే చిన్న లైబ్రరీ పెడతాడు. హోల్టులో, కురొయనాగిలో లేనిది ఇందులో ఉంది. ఓడిపోయి, మర్నాడు మళ్ళీ అదే తరగతి గదిలోకి అడుగుపెట్టిన మనిషి.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఒక మనిషి, ఒక ఏడాది, ఒక అధికారి చలవ. ఆ మాస్టారు వెళ్ళిపోతే మరుసటి ఏడాది ఆ పిల్లల గతేమిటో కథ చెప్పదు. పేరులోనే కల అని ఒప్పుకున్నాడు గనక క్షమించాలి. అయినా మూడింటిలో నా ఓటు దీనికే.

ఎందుకంటే, గిజుభాయి కూడా మొదలుపెట్టింది మా మేనకోడలు మొదలుపెట్టినచోటే. ఆయన వకీలు. కొడుకు పుట్టాక, వీణ్ణెలా పెంచాలా అన్న బెంగతో మాంటిస్సోరీ పుస్తకాలు తిరగేశాడు. కాని ఆ బెంగ తన కొడుకు దగ్గరే ఆగలేదు. వకీలు వృత్తి వదిలి, 1920లో భావనగర్‌లో బాలమందిర్ పెట్టి ఊరి పిల్లలందర్నీ చేరదీశాడు. గుబురు మీసాల ఆ మాస్టార్ని పిల్లలు ఏమని పిలిచేవాళ్ళో తెలుసా? 'మూఛాలీ మా'. మీసాలున్న అమ్మ!

ఇల్లు బడి కావడం కన్నా, బడిలోకి కాస్త అమ్మతనం రావడం మేలని ఆ ఒక్క పేరు చెబుతోంది. ఆ అమ్మతనానికి చీరే కట్టుకోవాలన్న నియమం లేదని కూడా చెబుతోంది.

మనవల్ల ఏమవుతుందంటారా? మన దేశంలో చలంగారు బడులు తనిఖీ చేసే ఉద్యోగం చేశారు, 'బిడ్డల శిక్షణ' రాశారు. పిల్లల్ని కొట్టకండని అంతమంది చెప్పినా, దాన్ని దేశమంతటికీ చట్టం చెయ్యడానికి 2009 దాకా పట్టింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఆ విద్యాహక్కు చట్టంలోనే ఇంకో మంచి ముక్క ఉంది. ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో ముప్పాతికమంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగంమంది ఆడవాళ్ళుండాలి. కుర్చీ ఉంది. చాలాచోట్ల సంతకం పెట్టించుకుని పంపేస్తున్నారని వింటున్నాను. సంతకం పెట్టేముందు, 'పిల్లలకి కథల పుస్తకాలెన్ని ఉన్నాయి? ఆ బీరువా తాళం ఎవరిదగ్గరుంది?' అని ఒక్క తల్లి అడిగితే చాలు. ప్రైవేటు బడుల్లో అయితే ఫీజు కట్టే మనం ర్యాంకు తగ్గిందేమని కాకుండా, ఇవాళ పిల్ల ఏ ప్రశ్న అడిగిందని అడగొచ్చు. బడిని ర్యాంకుల పిచ్చిలోకి తోసినవాళ్ళలో మనమూ ఉన్నాం మరి.

ఇదంతా మా మేనకోడలికి చెప్పాను. విని, "అంటే నా పిల్ల కడుపునొప్పి సంగతి దేశం బాగుపడ్డాక చూసుకోమంటావు, అంతేనా అత్తయ్యా?" అంది.

సూటిగా తగిలింది. ఆ ప్రశ్నకి నా విమర్శలో జవాబు లేదు. "కాదే. నొప్పి పెట్టే బడి మాన్పించు. కావాలంటే ఒక ఏడాది ఇంట్లో ఉంచుకో. కాని ఆ పనిలో సగం మీ ఆయన చెయ్యాలి. ఆ ఏడాదిలో తొత్తోచాన్ వాళ్ళమ్మలాగా ఇంకో బడి వెతుకు. వారానికి ఒక్కరోజు మీ వీధి చివరి ప్రభుత్వ బడికెళ్ళి, హెడ్మాస్టరుగారిని అడిగి, పిల్లలకి ఒక కథ చెప్పి రా. నీ కూతుర్నీ తీసుకెళ్ళు" అన్నాను.

ఏమీ అనలేదు. వెళ్ళేరోజున సంచీ సర్దుకుంటూ తన రెండు పుస్తకాలూ నా దగ్గరే వదిలేసి, నా మూడోది లోపల పెట్టుకుంది.

"వాళ్ళాయన చదవడానికిట" అంది మా అమ్మ, గుమ్మంలోంచి ఆటో కదిలాక. మంచిదే. ఆయనకీ మీసాలున్నాయి.