‘శైశవగీతి’లో స్వామ్యభావన: ఒక పరిశీలన

1950లో గ్రంథరూపం దాల్చిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లో ఆకలి, వేదన, తిరుగుబాటు ప్రధాన వస్తువులు. వాటి నడుమ ‘శైశవగీతి’ ఒక విరామంలా కనిపిస్తుంది. పసితనపు అమాయకతకు కవి పట్టిన హారతిగా మాత్రమే దీనిని గ్రహించే అవకాశం ఉంది. అయితే ఈ ఖండికలో శైశవం మాధుర్యవర్ణనతో ఆగిపోదు. పెద్దల లోకపు విలువలను నిలదీసే కొలమానం అవుతుంది.

ప్రారంభంలోనే కవి పిల్లలను వారికి తెలియనివాటితో నిర్వచించాడు. పాపపుణ్యాల లెక్క తెలియదు. లోకం నడిచే తీరు తెలియదు. ఒక మాటకు రెండర్థాలుంటాయనీ తెలియదు. నీతి, లౌక్యం, భాష ఇలా ఒకే వరుసలో చేరాయి. ప్రయోజనం కోసం మాటను వంచడం కూడా వయసుతో అబ్బే విద్యేనన్న సూచన ఇందులో ఉంది.

తరువాత మెరుపు, వాన, హరివిల్లు వస్తాయి. అవన్నీ తమవేనని పిల్లలు మురిసిపోతారు. పిల్లలకు స్వామ్యభావన లేదని కవి అనలేదు. సమస్త విశ్వమూ వారిదేనన్నాడు. ఇదే గమనించదగిన అంశం. ఒక పసివాడు హరివిల్లు నాదని అనుకుంటే మరొకరికి అది తరగదు. పెద్దల ఆస్తి అలా కాదు. ఇతరులను దూరం పెట్టినప్పుడే అది ఆస్తి అవుతుంది.

ఆ దూరం పెట్టడం ఎక్కడికి దారితీస్తుందో అదే సంపుటిలోని ‘భిక్షువర్షీయసి’ చూపుతుంది. దారిపక్క చెట్టు కింద కూర్చున్న ముసలిది మరణిస్తే పాపమెవరిదని గాలి ప్రశ్నిస్తుంది, అది తన పాపం కాదని ఎంగిలాకు అంటుంది. ‘శైశవగీతి’ పిల్లలకు పాపమంటే తెలియదు. ఇక్కడి లోకానికి తెలిసినా అది బాధ్యత ఒప్పుకోదు. రెండు ఖండికలనూ కలిపి చదివినప్పుడు మొదటిది సంపుటికి విరామం కాదని, దాని వాదనలో భాగమని స్పష్టమవుతుంది.

ఈ సందర్భంలో పరిభాష విషయంలో జాగ్రత్త అవసరం. భౌతికవాదం తత్త్వదృష్టి, వస్తువ్యామోహం జీవనరీతి. ‘శైశవగీతి’ ప్రశ్నించేది రెండవదానినే.

అయినా ఈ ఖండికకు ఒక పరిమితి ఉంది. ఇందులోని పిల్లలకు కులం లేదు, కూలి లేదు, ఆకలి లేదు. కప్పు కారే గుడిసెలోని పసివాడికి వాన ఆనందం మాత్రమే కాదు. పెద్దల లోకాన్ని కొలవడానికి కవి ఎంచుకున్న బాల్యం కూడా అందరికీ సమానంగా అందినది కాదు. ఈ ఎరుకతో చదివినప్పుడే ‘శైశవగీతి’ మధురగీతంగానే మిగిలిపోక, తీరవలసిన బాకీని గుర్తుచేసే కవితగా నిలుస్తుంది.