పేరున్న పాట, పేరులేని పాట: కొండ పిల్లలకు చెప్పే సంగీత చరిత్ర

తెలుగులో పిల్లలకు సంగీత చరిత్ర చెప్పే పాఠాలు దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. అన్నమయ్యతో మొదలై, క్షేత్రయ్య, రామదాసుల మీదుగా త్యాగయ్య దగ్గర ఆగుతాయి. పుట్టిన ఊరు, తండ్రి పేరు, ఇష్టదైవం, ఎన్ని కీర్తనలు రాశాడు, ఏ రాజు సొమ్ము వద్దన్నాడు. మైదానంలోని అగ్రకుల పిల్లకు ఇది తన ఇంటి కథలాగే వినపడుతుంది. అరకు, అనంతగిరి, డుంబ్రిగూడ వైపు ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లకు ఎట్లా వినపడుతుంది? ఆ పిల్ల పక్కన కూచుని ఈ పాఠాన్ని చదవడమే మా ప్రయత్నం.

ముందే ఒక మాట చెప్పాలి. త్యాగయ్యను చెప్పొద్దనడం మా వాదన కాదు. మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం మేము. ఫలానా జ్ఞానం మీ పిల్లలకెందుకు అనే మాట మా పెద్దలు తరతరాలుగా పడ్డదే. కొండపిల్లకు త్యాగయ్య కావాలి, బాఖ్, బీథోవెన్ కూడా కావాలి. మా పేచీ అంతా చరిత్ర అనే మాటతోనే. కొందరి పాటకే చరిత్ర ఉండటం, మిగతావాళ్ళ పాట ఉత్త 'సంస్కృతి'గా మిగిలిపోవడం ఎట్లా జరిగింది?

ఆగస్టు పదిహేనుకో, పై అధికారులు వచ్చినప్పుడో ఆ పిల్లల చేతనే ధింసా ఆడిస్తారు. అరకు వచ్చే టూరిస్టులకూ ధింసాయే చూపిస్తారు. పాఠం దగ్గరకొచ్చేసరికి మాత్రం అది 'గిరిజనులు ఆనందంగా చేసే నాట్యం' అనే ఒక్క వాక్యమైపోతుంది. కానీ ధింసా ఒకటి కాదు గదా. గ్రామదేవత కోసం ఆడే బోడ ధింసా వేరు, ఆకులు ఏరే పనిని ఆడి చూపే పొతర్ తోలా వేరు, పులి నుంచి తప్పించుకోవడం నేర్పే బాగ్ ధింసా వేరు. చైత్రంలో ఇటుకల పండుగకు ఊళ్ళన్నీ కదుల్తాయి. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతాయి. శ్రమ, భయం, కొలుపు అన్నీ ఉన్న ఈ ఆటను ఆనందం అని తేల్చెయ్యడం పొగడ్త కాదు. ఆ పాటను కాలంలోంచి వెలివెయ్యడం.

ఇక పేరు నిలవడం సంగతి చూద్దాం. అన్నమయ్య 1503లో చనిపోయాడు. ఆయన పదాలు రాగిరేకుల మీద తిరుమల గుడిలో ఉండిపోయి, 1922లో గానీ వెలుగులోకి రాలేదు. రేకుల మీద రాగాల పేర్లున్నాయి, బాణీ స్వరాలు లేవు. ఈరోజు పిల్లలు నేర్చుకునే అన్నమయ్య బాణీల్లో చాలాభాగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన ఇరవయ్యో శతాబ్దపు వాళ్ళు కట్టినవి. రాగి కొనే శక్తీ, గుడిలో చోటూ ఉన్నందువల్ల మాట నిలిచింది, బాణీ పోయింది. కొండల్లో రాగీ లేదు, గుడీ లేదు. నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి మారుతూనే పాట బతికింది, పాడినవాళ్ళ పేర్లు పోయాయి. మొదటిదాన్ని వారసత్వమనీ రెండోదాన్ని జానపదమనీ పిలవడం నేర్పేది ఈ పాఠమే.

త్యాగయ్య (1767-1847) కథలోనూ ఒక ఖాళీ ఉంది. తిరువయ్యారులో పాడుబడ్డ ఆయన సమాధికి 1920లలో గుడి కట్టించింది దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ. తన సంపాదనంతా అక్కడ పెట్టింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళకు పాడే హక్కు లేకపోతే, ఆడవాళ్ళతోనే వేరే ఆరాధన నడిపింది. త్యాగయ్య నిధిని కాదన్నాడని చెప్పే పాఠం, నాగరత్నమ్మ తన నిధిని ఏం చేసిందో ఎందుకు చెప్పదు?

తర్వాత వాయిద్యాలు. మృదంగానికి ఆవు, గేదె, మేక తోళ్ళు కావాలి. తమిళనాడులో ఆ తోళ్ళు ఎంచి, కోసి, శ్రుతికి తెచ్చే పనివాళ్ళలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. వాళ్ళ చరిత్రను టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకంగా రాశాడు. పాలఘాట్ మణి అయ్యర్ పేరు చెప్పేవాళ్ళు ఆయన మృదంగాలు చేసిన పర్లాందు పేరు చెప్పరు. వయొలిన్ కథ ఇంకోరకం. సముద్రం దాటొచ్చిన ఆ వాయిద్యాన్ని ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి నేర్చాడు. అది కచేరీలో కుదురుకుంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్ అయ్యాడు, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పాడు. యూరప్ వయొలిన్‌కు దొరికిన గౌరవం అదే విజయనగరం పైన కొండల్లో ఊదే మోరికి దొరకలేదు. తోలు మృదంగమైతే శాస్త్రం, డప్పయితే మైల. 1994లో మాదిగలు తమ ఉద్యమానికి దండోరా అని పేరు పెట్టుకున్నది ఈ మైలను తిప్పికొట్టడానికే.

మనవైపూ ఒకటి సరిచూసుకోవాలి. కొండల్లో కులం లేదని రాసెయ్యడం మన రచనల్లో అలవాటుగా ఉంది. సరిహద్దు అవతల కొరాపుట్ ఊళ్ళల్లో ఈ ఆటకు వాయించేది ఎక్కువగా డొంబులు. ఒడిశాలో వాళ్ళు షెడ్యూల్డు కులం. వాళ్ళ వాయిద్యం లేకుండా ఆట లేదు, అయినా వాళ్ళను అంటరానివాళ్ళుగా చూసిన చరిత్ర ఉంది. కాబట్టి త్యాగయ్యను తీసేసి ధింసాను పెడితే సరిపోదు. ఆడేవాళ్ళు కనపడి వాయించేవాళ్ళు మాయమైతే అది కూడా పాత పాఠమే.

మరి ఏం చెయ్యాలి? దారి లేకపోలేదు. హంగరీలో జోల్తాన్ కొడాయ్ (1882-1967) బేలా బార్టాక్‌తో కలిసి పల్లెలు తిరిగి రైతుల పాటలు సేకరించాడు. పిల్లకు సంగీతం తన జనం పాటతో మొదలవ్వాలనీ, అక్కణ్ణుంచే మహా స్వరకర్తల దగ్గరకు నడవాలనీ బడి చదువునే మార్చాడు. మన తూర్పు కనుమల్లోనే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, వాళ్ళ పాటలూ కథలూ సేకరించి, సవర పిల్లలకు వాళ్ళ భాషలో వాచకాలు తయారుచేశాడు. 2004 ప్రాంతంలో ప్రభుత్వం కూడా కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా మొదలైన ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. భాషకు ఒప్పుకున్న న్యాయం పాటకు ఎందుకు ఒప్పుకోరు?

టీచర్లకు మేము చెప్పేది ఇంతే. ఏ పాట చెప్పినా నాలుగు ప్రశ్నలు పిల్లల చేత అడిగించండి. ఎవరు కట్టారు? ఎవరు వాయించారు? ఆ వాయిద్యం ఎవరు చేశారు? దీన్ని ఎవరు, ఏ ఖర్చుతో దాచారు? త్యాగయ్య కీర్తననూ బాగ్ ధింసానూ అవే ప్రశ్నలతో చదవండి. ఊళ్ళో మోరి ఊదే పెద్దాయన్ని ఆగస్టు పదిహేను స్టేజీ మీదికే కాదు, క్లాసులోకి పిలవండి. కుర్చీ వేసి కూచోబెట్టండి. ఆయనకు మోరి ఎవరు నేర్పారో, వాళ్ళకెవరు నేర్పారో పిల్లలు అడిగి రాసుకోనియ్యండి. ఆ నోటుబుక్కులో పడే పేర్లు కూడా సంగీత చరిత్రే.