పెట్రూష్కా – తోలుబొమ్మలాట: ఏకాంక నిర్మాణంపై ఒక తులనాత్మక పరిశీలన

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో రష్యన్ బ్యాలే పొందిన ప్రధాన పరిణామాలలో ఏకాంక నిర్మాణం ఒకటి. పూర్వశతాబ్దిలో మూడు నాలుగు అంకాలుగా సాయంత్రమంతా సాగిన నృత్యరూపకానికి బదులు, మిఖాయిల్ ఫోకిన్ అరగంట, ముప్పావుగంటలో ముగిసే రూపకాలను కూర్చాడు. ద్యాగిలెవ్ బృందం 1910లో ‘షెహెరజాదె’, ‘ఫైర్‌బర్డ్’లను, 1911 జూన్ 13న ‘పెట్రూష్కా’ను పారిస్‌లో ప్రదర్శించింది. వీటిలో పెట్రూష్కాకు ఇతివృత్తం బొమ్మలాటే. తోలుబొమ్మలాటకు నెలవైన అనంతపురం సీమ నుంచి ఆ రూపకాన్ని పరిశీలించినప్పుడు, దాని గుణమూ పరిమితీ రెండూ స్పష్టమవుతాయి. అంతకుమించి, నేడు కుదింపునకు లోనవుతున్న తోలుబొమ్మలాటను గురించి ఒక అవసరమైన ప్రశ్న కూడా తలెత్తుతుంది.

పెట్రూష్కా సంగీతకర్త స్ట్రవిన్‌స్కీ. ఇతివృత్త రచనలో అతనితో పాలుపంచుకొని, రంగాలంకరణ చేసినవాడు అలెగ్జాండర్ బెన్వా. ప్రధానపాత్రను నిజిన్‌స్కీ ధరించాడు. కథాస్థలం 1830ల నాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ తిరునాళ్ల బయలు. గారడీవాడు పిల్లనగ్రోవి ఊది మూడు బొమ్మలకు ప్రాణం పోస్తాడు. పెట్రూష్కా నర్తకిని ప్రేమిస్తాడు. ఆమె మూరు వైపు మొగ్గుతుంది. చివరకు తిరునాళ్ల జనం నడుమనే మూరు కత్తికి పెట్రూష్కా బలి అవుతాడు. గుమిగూడినవారికి గారడీవాడు రంపపుపొట్టు నింపిన బొమ్మను చూపి, ఇది హత్య కాదని నచ్చజెబుతాడు. జనం వెళ్లిపోయాక పెట్రూష్కా ప్రేతం గుడారం పైన కనిపించి అతణ్ణి వెక్కిరిస్తుంది.

ఇందులో ఒక స్త్రీ, ఇద్దరు పురుషులు, వారి నడుమ అసూయ ఉన్నాయి. తెలుగు పాఠకునికి వెంటనే బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు స్ఫురిస్తారు. అయితే ఈ పోలికను యథాతథంగా స్వీకరించరాదు. కేతిగాడు బాధితుడు కాడు. అతడు తిట్టి, తన్ని, తన్నులు తిని, మరుక్షణం లేచి మళ్లీ మాటకు దిగుతాడు. రష్యన్ సంతలలో ఆడిన చేతిబొమ్మ పెట్రూష్కా కూడా ఇటువంటివాడే. కర్ర పట్టి ఎదుటివారిని బాదే వికటహాస్యపు పాత్ర అది. బ్యాలే నిర్మాతలు ఆ పాత్ర స్వభావాన్ని తలకిందులు చేశారు. కొట్టేవాణ్ణి దెబ్బలు తినేవాడిగా, నవ్వించేవాణ్ణి లోలోన కుమిలేవాడిగా మార్చారు. కాబట్టి కేతిగాడికి సోదరుడు సంతలోని పెట్రూష్కాయే కాని, పారిస్ రంగస్థలం మీది పెట్రూష్కా కాడు.

ఈ మార్పుకు ఏకాంక నిర్మాణమే ఆధారం. ఫోకిన్ కుదింపు కోత కాదు. నృత్యంలోని ప్రతి కదలికా సన్నివేశానికి, పాత్రకు అర్థం చేకూర్చాలని అతని సిద్ధాంతం. పెట్రూష్కా పాదాలు లోపలికి ముడుచుకొని ఉంటాయి. మూరు పాదాలు బయటికి విచ్చుకొని ఉంటాయి. ఒకని పిరికితనమూ మరొకని అహంకారమూ కథ చెప్పకముందే కాళ్లలో కనిపిస్తాయి. రెండు భిన్నస్థాయుల స్వరాలను ఒకేసారి పలికించిన స్ట్రవిన్‌స్కీ సంగీతం ఆ పాత్రలోని చీలికను వినిపిస్తుంది. పది సన్నివేశాలు చేయవలసిన పనిని ఒక భంగిమ, ఒక స్వరమేళనం నిర్వహించడం వల్లనే ఆ రూపకం అంత చిన్నదిగా ఉండగలిగింది.

తోలుబొమ్మలాట నిర్మాణసూత్రం వేరు. పంట ఇంటికి చేరాక గార్లదిన్నె వంటి మెట్టపల్లెల బయళ్లలో తెల్లని తెర కట్టి, ఆముదపు దీపాల వెలుగులో రాత్రంతా సాగడం దాని సంప్రదాయం. రామాయణ భారత కథలు దానికి వెన్నెముక. వానలు మొగం చాటేసిన ఏడు విరాటపర్వం ఆడిస్తే వర్షం కురుస్తుందని తెలుగునాట విశ్వాసం. ఇటువంటి ఆటలో బంగారక్క బృందపు హాస్యం కేవలం విరామం కాదు. పురాణపాత్రలు పలకలేని మాటను ఆ బొమ్మలు పలుకుతాయి. ఊరి వ్యవహారాలు, ఆలుమగల గొడవలు, పెద్దల డాంబికం తెరమీదికి వచ్చేది వాటివల్లనే. రాజుల కథ చూస్తున్న రైతుకు తన కథ అక్కడ వినిపిస్తుంది.

ఈనాడు ఉత్సవవేదికల కోసం ఆటను గంట, గంటన్నరకు తగ్గించడం పరిపాటి అయింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. అదే ఊరిలో తోలుబొమ్మల పనితనం దీపపు గుడ్డులకూ గోడ అలంకారాలకూ విస్తరించింది. వృత్తి నిలవడానికి ఇవి అవసరమే. కుదింపు కూడా నేరం కాదు. కాని ఏది తీసివేయాలన్నదే విమర్శకు విషయం. యుద్ధఘట్టాన్ని నిలిపి హాస్యాన్ని తొలగిస్తే మిగిలేది రంగుల ప్రదర్శన. రాత్రంతటి ఆటకు ముక్క కోయడం ఏకాంకం కాదు. పురాణఘట్టమూ కేతిగాడి వ్యాఖ్యానమూ ఒకదానినొకటి ఒరుసుకొనే సన్నివేశాన్ని ఎన్నుకొని, దానిచుట్టూ కొత్తగా కూర్చినప్పుడే అది ఏకాంకం అవుతుంది. ఫోకిన్ నుంచి గ్రహించదగిన పాఠం ఇదే.

రెండు కళలకూ గల మౌలికభేదం ఆడించేవాని వైఖరిలో ఉంది. రష్యన్ గారడీవాడు బొమ్మలోని పొట్టును చూపి దాని బాధను కాదంటాడు. రూపకం అతణ్ణి దోషిగా నిలబెడుతుంది. తోలుబొమ్మలాటగాడు తెరవెనుక చెక్కపలకల మీద తన కాళ్లతోనే యుద్ధధ్వని పుట్టిస్తాడు. తన గొంతుతోనే బొమ్మను పలికిస్తాడు. అతని శరీరం బొమ్మకు వేరుగా నిలిచేది కాదు. అందువల్ల బొమ్మ ప్రాణాన్ని కాదనవలసిన అవసరం అతనికి రాదు. కుదించిన ప్రదర్శనలో ముద్రితస్వరం ఆ గొంతు స్థానాన్ని ఆక్రమించిననాడు, అతడు కూడా పొట్టుబొమ్మను ఎత్తి చూపే గారడీవాడే అవుతాడు.