ముందుమాట: కుట్లు విప్పాక

ఆపరేషన్ బల్ల మీద ప్రాణం నిలిపిన సంగతులు మా వైద్యులందరం చెబుతాం. ఆ మనిషి పదేళ్ల తరువాత ఎలా ఉన్నాడో చెప్పగలిగేవాళ్లం తక్కువ. నా దగ్గర శస్త్రవైద్యం నేర్చుకున్న ఈ డాక్టరమ్మ ఆ రెండో ప్రశ్న పట్టుకుని పుస్తకం రాసింది. గురువుగా నాకింతకన్నా సంతోషం లేదు.

ఆమె ఎంచుకున్న జబ్బులో గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద ధమని గోడ బలహీనపడిన చోట పాత సైకిలు ట్యూబులా ఉబ్బుతుంది. చాలామందికి నొప్పి తెలియదు. పగిలిందంటే ఎక్కువమంది దక్కరు. 1948లో ఐన్‌స్టీన్‌కు ఆపరేషన్ చేసిన రుడాల్ఫ్ నిస్సెన్ ఆ ఉబ్బు చుట్టూ సెలోఫేన్ చుట్టి ఊరుకోవలసివచ్చింది. 1955లో అది పగిలే ఐన్‌స్టీన్ కన్నుమూశారు. ఈలోగా 1951లో పారిస్‌లో చార్లెస్ డ్యూబో ఉబ్బిన భాగాన్ని తీసేసి దాత ధమనిని అతికారు. ఆ తరువాత హ్యూస్టన్‌లో శస్త్రవైద్యుడు డిబేకీ డాక్రాన్ అనే కృత్రిమ వస్త్రపు గొట్టాలు వాడారు. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడీ పొట్ట కోయకుండా, గజ్జలోని ధమని గుండా స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు జాలీ ఉన్న వస్త్రపు గొట్టం) పంపారు.

ఈ చరిత్రను చకచకా చెప్పేసి, రచయిత్రి ఫలితాల దగ్గర నిలబడింది. పుస్తకానికి ప్రాణం ఆ అధ్యాయమే. బ్రిటన్‌లో జరిగిన పెద్ద పోలికలో మొదటి 30 రోజుల్లో చనిపోయినవారు పొట్ట తెరిచిన పద్ధతిలో నూటికి 4.7, స్టెంట్ పద్ధతిలో 1.7. ఎనిమిదేళ్లు దాటాక లెక్క తిరగబడింది. గ్రాఫ్ట్ పక్కనుంచి పాత ఉబ్బులోకి మళ్లీ రక్తం చేరి, కొందరిలో అది పగిలింది. అందుకే స్టెంట్ వేయించుకున్నవారు ఏళ్ల తరబడి స్కాన్‌కు రావాలని ఆమె పట్టుబట్టి చెబుతుంది. మగవారిలో ఉబ్బు 5.5 సెంటీమీటర్లకు చేరేదాకా సాధారణంగా కత్తి పట్టనక్కర్లేదనీ, ఈలోగా పొగ మానాలనీ, బీపీ అదుపులో ఉండాలనీ అంతే గట్టిగా చెబుతుంది. ఆపరేషన్ వద్దని చెప్పడానికీ ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఈమెకుంది.

నాదొక్కటే సూచన: ఆడవారిలో ఉబ్బు ఇంకా చిన్నగా ఉండగానే పగిలే ప్రమాదముంది. మలి ముద్రణలో వారికోసం ఒక అధ్యాయం రాయాలి.

డిశ్చార్జి కాగితంతో వైద్యుడి బాధ్యత తీరదని మా యువ డాక్టర్లు ఈ పుస్తకం చదివి తెలుసుకోవాలి. రోగి ఇంట్లో ఇది స్కాన్ ఫైలు పక్కనే ఉండాలి. రచయిత్రికి నా నిండు ఆశీస్సులు.