పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయలు

‘కన్యాశుల్కం’ చూసి నవ్వనివాళ్ళు మా విజయనగరంలో ఉండరు. నేనూ ఎన్నోసార్లు నవ్వేను. కాని పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పుచ్చుకుని మధురవాణి ఇంట్లోకి వచ్చే ఘట్టంలో మాత్రం నాకు నవ్వు రాదు. ఓసారి పక్క కుర్చీలో ఆవిడ, "ఏమండీ, ఒంట్లో బాగులేదా?" అని కూడా అడిగింది. ఒంట్లో బాగానే ఉంది. నేనూ ఒకప్పుడు విస్తళ్ళ ముందు వంగి వడ్డించినదాన్ని. అదీ సంగతి!

1975లో, నా పదిహేడో ఏట, నాన్న పోయేక దొడ్డమ్మ పంచన చేరేను. గంటస్తంభానికి కాస్త దూరంలో, ఓ సందులో, ఆవిడకి చిన్న భోజనశాల ఉండేది. బోర్డూ అదీ ఏమీ లేదు. కాలేజీ కుర్రాళ్ళూ, బదిలీ మీద వచ్చిన గుమాస్తాలూ నెల ఖాతాకి తినేవారు. వంట దొడ్డమ్మది, వడ్డన నాది. అడ్డాకు విస్తళ్ళు వేసి, నీళ్ళు పోసి, అన్నం, పప్పు, కూర, పులుసు వరసగా తిప్పి, చివరివాడికి మజ్జిగ పోసేసరికి మొదటివాడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాడు.

వడ్డించేవాళ్ళకి ఒక విద్య దానంతటదే వస్తుంది. బాకీ లేనివాడు పులుసులో ఉప్పు తగ్గిందని ధైర్యంగా అంటాడు. మూణ్ణెల్ల బాకీ ఉన్నవాడు, "ఆహా, ఏం పులుసమ్మా!" అంటాడు.

అలా మెచ్చుకునేవాడు మాకూ ఒకడు దొరికేడు. ఇంగ్లీషు దంచేవాడు. దొడ్డమ్మని నోరారా "అమ్మా" అని పిలిచేవాడు. పరీక్షలు అయ్యేయో లేదో, మూణ్ణెల్ల బాకీతో రాత్రికి రాత్రి ఉడాయించేడు. దొడ్డమ్మ అతని గది ముందు, వీధిలో నుంచుని కేకలేసింది. జనం పోగయ్యేరు. నవ్వేరు. నాకు సిగ్గేసి, "రా దొడ్డమ్మా, పరువు పోతోంది" అని ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేను. ఇల్లు చేరేదాకా ఆవిడ మాట్లాడలేదు. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ, "అన్నం పెట్టినదాన్ని. పోతే వాడి పరువు పోవాలి గాని నాదెందుకు పోతుందే?" అంది. కిరాణా కొట్టు అప్పు తీరేదాకా మేమిద్దరం మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాం.

ఇప్పుడు నాటకానికి వద్దాం. గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో మా ఊళ్ళోనే మొదట ఆడేరు. 1897లో అచ్చయింది. ఇవాళ మనం చదువుకునేది ఆయన బాగా పెంచి 1909లో వేసిన పుస్తకం. అందులో, బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను చెప్పుకునే మొదటి మాటల్లోనే అసలు విషయం బయటపడుతుంది. సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకుని, సానిదాని కోసం ఖర్చు పెట్టేసేడు! అంటే, ఆవిడ మన కళ్ళ పడకముందే ఆవిడకి రావలసిన బాకీ ఎంతో గురజాడవారు లెక్క చెప్పేసేరు. మనమే ఆ లెక్క మరిచిపోయి చీపురుకట్ట చూసి నవ్వుతాం.

పూటకూళ్ళ ఇల్లు మన సాహిత్యానికి కొత్త కాదు. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూటి భోజనం గురించి చదివితే నోరూరుతుంది. కాని అక్కడ మనకి కనిపించేది విస్తరి. గురజాడవారు ఆ విస్తరి వేసిన మనిషి కోపం చూపించేరు.

ఇంకో సంగతి గమనించేరా? ఈ నాటకం నిండా కోర్టులూ వకీళ్ళే. అగ్నిహోత్రావధాన్లుకి దావాలున్నాయి. లుబ్ధావధాన్లు ఇరుక్కుంటే సౌజన్యారావు పంతులుగారు ఉన్నారు. పూటకూళ్ళమ్మకి ఏ వకీలున్నాడు? నోటు లేదు, సాక్షి లేడు. ఉన్నది చీపురుకట్ట ఒక్కటే. ఆ దెబ్బ అయినా తగలవలసినవాడికి తగిలిందా? మంచం కింద దాక్కున్న రామప్పంతులికి తగిలింది. గిరీశం శిష్యుడి చదువు వంక పెట్టుకుని కృష్ణరాయపురం అగ్రహారం చెక్కేసేడు.

"ఆవిడ మాత్రం తక్కువదేమిటి, గిరీశాన్ని ఇంట్లో పెట్టుకోలేదూ?" అంటారు కొందరు. అననీయండి. ఆవిడ నడవడి ఎలాంటిదైనా, ఇరవై రూపాయలు ఇరవై రూపాయలే కదా!

నా ఫిర్యాదు గురజాడవారి మీద కాదు, ఆడించేవాళ్ళ మీద. నేను చూసిన ప్రదర్శనల్లో ఆ పాత్రని గయ్యాళిని చేసి, కళ్ళెర్రజేయించి, గంతులేయించేరు. 1955లో వచ్చిన సినిమాలో గిరీశం రామారావనీ, మధురవాణి సావిత్రి అనీ ఎవర్నడిగినా చెబుతారు. పూటకూళ్ళమ్మ వేషం ఎవరు కట్టేరో ఎంతమందికి గుర్తుంది? చీపురు ఎత్తేముందు ఆ నటీమణి ఒక్క క్షణం ఆగి, పోయిన డబ్బు తలుచుకున్న మనిషిలా నిలబడితే చాలు, హాలంతా సర్దుకుని కూర్చుంటుంది.

దొడ్డమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకి ఈ నాటకం చూపించలేకపోయేను. చూపించి ఉంటే ఏమనేదో గాని, ఆవేళ వీధిలో ఆవిడ పక్కన నుంచోకుండా చెయ్యి పట్టి లాక్కొచ్చేను చూడండి, అది మాత్రం నా తప్పే.

ఈసారి మీ ఊళ్ళో ‘కన్యాశుల్కం’ ఆడితే తప్పక వెళ్ళండి. చీపురుకట్ట రాగానే నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. నవ్వేక ఆ ఇరవై రూపాయలు కూడా ఓసారి తలుచుకోండి.